పేర్రాజు గారి వీడ్కోలు భోజనం

ప్రాంతీయ గోనెసంచుల ప్రమాణాల కార్యాలయంలో మేం పదకొండు మందిమి పనిచేస్తాం. చుట్టుపక్కల జిల్లాల్లో ఎక్కడ ఏ గోనెసంచి నేసినా దాని నేత చిక్కగా ఉందా, తడి ఎంత పీల్చుకుంది, రెండు కొసలూ పట్టి లాగితే ఎంత బరువు దగ్గర చిరుగుతుంది అన్నవి పరీక్షించి ముద్ర వేయడం మా విధి. ఈమధ్య జనమంతా ప్లాస్టిక్ సంచుల్లోకి మారిపోవడంతో మాకు సంచులు తగ్గాయి గానీ ప్రమాణాలు తగ్గలేదు.

మా రికార్డు అసిస్టెంటు పేర్రాజు గారు ఆ నెలాఖరున రిటైరవుతున్నారు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఈ ఆఫీసు దాటి ఎక్కడికీ బదిలీ కాని మనిషి. ఎవరింట్లో పెళ్లయినా ముందు రోజే వెళ్లి కుర్చీలు సర్దేవారు. ఎవరికి జ్వరమొచ్చినా వాళ్ల బల్ల మీది పని తను చేసిపెట్టి, మర్నాడు ఆ సంగతి ఎత్తేవారు కాదు. అలాంటి మనిషిని ఓ శాలువా కప్పి, రెండు అరటిపళ్లు చేతిలో పెట్టి పంపించెయ్యడానికి మాకు మనసొప్పలేదు. అందరం ఆయనతో కలిసి ఒక పూట భోంచెయ్యాలనుకున్నాం.

హోటల్లో పెడదామంటే, బస్టాండు దగ్గరి ఏసీ హోటలు వాడు మనిషికింతని చెప్పిన ధర విని పేర్రాజు గారే హడలిపోయి, అంత ఖర్చయితే తను రిటైరవడం మానుకుంటానన్నారు. అప్పుడు మా సీనియర్ అసిస్టెంటు దమయంతి గారు అందుకుని, ఇంత భోజనానికి హోటలెందుకు, ముందు రోజే చేసి ఉంచుకోదగ్గ వంటలు చేద్దామన్నారు. పులిహోర పులుసు ముందు రోజు సాయంత్రమే ఉడకబెట్టి పెట్టుకోవచ్చు. గుత్తివంకాయ కూర చేసిన రోజు కంటే మర్నాడే బాగుంటుంది. బొబ్బట్లు రెండ్రోజులు నిలవుంటాయి. వడియాలు వేయించి డబ్బాలో పోసి మూత పెడితే సరి. పొద్దున్నే లేచి అన్నం వార్చి పులుసు కలిపి, పెరుగన్నానికి తాలింపు పెట్టుకుని ఆటోలో తెచ్చేస్తే పదకొండు మందికీ కడుపు నిండుతుంది. ఒకరు వంకాయలు తెస్తామన్నారు, ఒకరు విస్తళ్లు తెస్తామన్నారు, చింతపండు నా వంతు పడింది. టీ గ్లాసులు ఖాళీ అయ్యేలోపు అంతా తేలిపోయింది.

ఆఫీసరు గారిని కూడా పిలవడం మర్యాద కాబట్టి నేనూ, దమయంతి గారూ ఆయన గదిలోకి వెళ్లాం.

మా డిప్యూటీ డైరెక్టరు మార్తాండరావు గారు చెడ్డవారు కారు. ఆ మాట ముందే చెప్పాలి. ఎవరి జీతమూ ఆపలేదు, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. అయితే ఆయన ఆ వారమే ఏదో చల్లటి కొండ ఊళ్లో ‘సంస్థాగత స్ఫూర్తి’ మీద శిక్షణ పొంది వచ్చారు. అక్కడ ఏం నేర్పారో తెలియదు గానీ, తిరిగొచ్చినప్పటి నుంచీ ఆయనకు ఏదో ఒకటి ప్రారంభించాలని ఉంది. సరిగ్గా ఆ సమయంలో మేం వెళ్లి నిలబడ్డాం.

ఆయన మా మాట పూర్తిగా విన్నారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని నా వైపు తిరిగారు.

“గంగాధరం గారూ, మీరు దీన్ని భోజనం అనుకుంటున్నారు. ఇది భోజనం కాదు, ప్రక్రియ. ముందస్తు ప్రణాళిక, మితవ్యయం, సామూహికత, మూడూ ఒక్కచోట కలిసిన ఆదర్శ నమూనా. దీన్ని ఇలా ఇళ్లలో వండుకొచ్చి, తిని, వృథా చెయ్యకూడదు.”

మర్నాటికల్లా సర్క్యులర్ వచ్చింది. పేర్రాజు గారి భోజనానికి ‘ముందస్తు సామూహిక మితవ్యయ మధ్యాహ్నాహార కార్యక్రమం’ అని పేరు పెట్టారు. దాని అమలుకు ఒక సంఘం వేశారు. ఆఫీసరు గారు అధ్యక్షులు. నేను సభ్య సమన్వయకర్తను. దమయంతి గారు సాంకేతిక సభ్యురాలు. మిగతావారంతా సభ్యులు. సంఘం చర్చలను రాసి భద్రపరిచే బాధ్యత రికార్డు అసిస్టెంటుది కనుక, తన వీడ్కోలు గురించి జరిగే సమావేశాల్లో కూర్చుని ఎవరేమన్నారో రాసుకునే పని పేర్రాజు గారికి పడింది. ఆయన “ఆయ్, అలాగేనండి” అని కలం తీసుకున్నారు.

భోజనం గురించిన సమావేశాలు ఆఫీసు వేళల్లో పెట్టుకోవడం నిబంధనలకు విరుద్ధమని ఆఫీసరు గారు మొదటి రోజే తేల్చారు. అందుచేత అవి భోజన విరామంలో జరిగేవి. ఆహారం మీద నిర్ణయం వెలువడక ముందే సభ్యులు ఆహారం తీసుకుంటే సంఘం నిష్పాక్షికత దెబ్బతింటుంది కాబట్టి క్యారేజీలు బయట పెట్టి రమ్మన్నారు. అలా మేం మధ్యాహ్నం అన్నం మానేసి, మధ్యాహ్నం అన్నం ఎలా తినాలో చర్చించుకోసాగాం. ఇంటి దగ్గర మా ఆవిడ, తెచ్చిన క్యారేజీ తెచ్చినట్టే ఉంటోందేమిటని అడిగితే, భోజనం పనిలో తీరిక దొరకలేదని చెప్పాను. ఆవిడ ఆ చల్లారిన క్యారేజీనే రాత్రికి నాకు వడ్డించింది.

తర్వాత మితవ్యయం మీద చర్చ వచ్చింది. వంట దమయంతి గారు ఊరికే చేసిపెడతానన్నారు. ఊరికే అన్న ధర ఫైల్లో పట్టదని, ఏ పనికైనా మూడు కొటేషన్లు ఉండాలని ఆఫీసరు గారు అన్నారు. ఒకే వంటకు మూడు కొటేషన్లు ఎక్కణ్నుంచి వస్తాయని దమయంతి గారు అడిగితే, ఆమె ఇంట్లో వంట వచ్చినవాళ్లు ఇంకెవరున్నారని ఆయన ఎదురడిగారు. చివరికి దమయంతి గారితో పాటు ఆవిడ అత్తగారు, తోడికోడలు కూడా సీలు కవర్లలో కొటేషన్లు ఇచ్చారు. ముగ్గురూ ఊరికే చేస్తామని రాశారు. అయితే అత్తగారు అడుగున, పులిహోరలో ఇంగువ ఎంత వెయ్యాలో కోడలికి ఇప్పటికీ తెలియదని ఒక వాక్యం అదనంగా చేర్చారు. ధర సమానమైనప్పుడు సాంకేతిక పరిజ్ఞానాన్ని లెక్కలోకి తీసుకోవాలి కనుక పని అత్తగారికి ఖాయమైంది. ఆ తర్వాత వారం రోజులు దమయంతి గారు ఇంటికి ఆలస్యంగా వెళ్లడం మేం గమనించాం. అత్తగారికి మోకాళ్ల నొప్పులు రావడంతో పని మళ్లీ దమయంతి గారికే వచ్చింది. దానికి ‘ఉపగుత్తేదారు’ అని వేరే ఉత్తర్వు ఇచ్చారు.

ఇక పరీక్ష. ప్రమాణాల కార్యాలయం అన్న పేరు పెట్టుకుని, పరీక్షించని పదార్థాన్ని ఉద్యోగుల నోట్లో పెట్టడం సిగ్గుచేటని ఆఫీసరు గారు అన్నారు. నమూనాగా అన్నీ కొంచెం కొంచెం చేసి తెమ్మంటే దమయంతి గారు తెచ్చారు. మా దగ్గరున్న యంత్రాలు గోనెసంచులవి. ప్రభుత్వం ఇచ్చిన యంత్రాలు ఉండగా కొత్తవి అడగడం మితవ్యయం కాదు గనక వాటితోనే మొదలుపెట్టాం.

బొబ్బట్టును రెండు కొసలా బిగించి మర తిప్పితే, ముల్లు సున్నా మీంచి కదలక ముందే తెగిపోయింది. గుత్తివంకాయను భూతద్దం కింద పెట్టి చూస్తే పడుగు గానీ పేక గానీ కనిపించలేదు. పులిహోరలో తేమ, గోనెకు అనుమతించిన హద్దు దాటి చాలా పైకి పోయింది. వడియాలు మాత్రమే తేమ పరీక్షలో నెగ్గి, బరువు పరీక్షలో పొడైపోయాయి. ఆ పూట ప్రయోగశాలలో నెయ్యీ, ఇంగువా కలిసిన వాసన వస్తుంటే, సమావేశాల పుణ్యమా అని రోజుల తరబడి పస్తులున్న పదకొండు మందిమీ గుటకలు మింగుతూ ఫలితాలు రాసుకున్నాం. నివేదిక నేనే తయారు చేశాను. ‘పైన పేర్కొన్న వస్తువులు గోనెసంచులుగా వాడుటకు పనికిరావు’ అని తేల్చాను. అది నిజమే కదా.

ఆఫీసరు గారు నివేదికను చాలాసేపు చదివి పక్కన ఎర్ర సిరాతో రాశారు: ‘అయినచో, ఆహారముగా వాడుటకు అభ్యంతరము కలదో లేదో స్పష్టపరచవలెను.’

స్పష్టపరచడం మా అధికార పరిధిలోది కాదు. ఫైలు పై కార్యాలయానికి వెళ్లింది. పరీక్షించగా మిగిలిన నమూనాలను రూలు ప్రకారం గుడ్డలో కట్టి, లక్క సీలు వేసి, రికార్డు గదిలో పెట్టాం. రోజూ పొద్దున్నే ముక్కు మూసుకుని లోపలికెళ్లి సీలు చెక్కు చెదరలేదని చూసి రావడం పేర్రాజు గారి పనిలో చేరింది.

ఈలోగా నెలాఖరు వచ్చింది. ప్రభుత్వం పేర్రాజు గారిని రిటైరు చెయ్యడానికి ఏ సంఘాన్నీ వెయ్యలేదు. ఆ రోజు కూడా మధ్యాహ్నం సమావేశం ఉంది. ఆయన చివరిసారిగా చర్చలు రాసుకుని, కాగితాలు బొత్తి పెట్టి, తాళంచెవులు నాకు అప్పగించారు. శాలువా కప్పబోతే ఆఫీసరు గారు వారించారు. శాలువా, దండ, ప్రసంగం అన్నీ కార్యక్రమంలో భాగమని, విడివిడిగా ఇస్తే కార్యక్రమం ముక్కలవుతుందని నచ్చజెప్పారు. పేర్రాజు గారు అందరికీ నమస్కారం పెట్టి, గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. దమయంతి గారు గేటు దాకా వెళ్లి సాగనంపి వచ్చారు.

పై కార్యాలయం వారి అనుమతి తర్వాతి నెల సగం గడిచాక వచ్చింది. పదార్థాలను ఆహారంగా వాడుకోవచ్చు, కానీ విధుల్లో ఉన్న ఉద్యోగులు మాత్రమే వాడుకోవాలి. ఎవరి కోసం ఈ భోజనం అనుకున్నామో ఆయన ఇప్పుడు విధుల్లో లేరు. సందర్శకుడిగా పిలుద్దామంటే భోజన విరామంలో సందర్శకులకు ప్రవేశం లేదని గేటు దగ్గర బోర్డే ఉంది. దమయంతి గారు ఆఫీసరు గారి గదిలోకి వెళ్లి, పేర్రాజు గారు లేకుండా తను గరిటె పట్టుకోనని మెల్లగానే చెప్పి వచ్చారు. ఆయన నొచ్చుకున్నారు. పేర్రాజు గారంటే ఆయనకూ అభిమానమే. ఒక రాత్రంతా ఆలోచించి పొద్దున్నే మెరిసే మొహంతో వచ్చారు. పేర్రాజు గారిని కార్యక్రమానికి గౌరవ సలహాదారుగా నియమిస్తే సరిపోతుంది. అప్పుడు ఆయన విధుల్లో ఉన్నట్టే.

ఉత్తర్వు పట్టుకుని నేను పేర్రాజు గారింటికి వెళ్లాను. కాలవగట్టు వీధిలో రెండు గదుల పెంకుటిల్లు. మిట్టమధ్యాహ్నం. ఆయన లుంగీ కట్టుకుని పీట మీద కూర్చుని ఉన్నారు, భార్య మాణిక్యం గారు పొగలు కక్కే అన్నం మీద ముద్దపప్పు వేసి నెయ్యి వడ్డిస్తున్నారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన పొద్దున్న కట్టిన క్యారేజీయే మధ్యాహ్నం తిన్నారు. చల్లారని అన్నం పగటిపూట తినడం ఇప్పుడే మొదలైందని, తిన్నాక ఓ కునుకు కూడా తీస్తున్నానని సిగ్గుపడుతూ చెప్పారు. మనిషి కాస్త ఒళ్లు చేశారు కూడా.

ఉత్తర్వును ఎడంచేత్తో పట్టుకుని రెండుసార్లు చదివారు.

“ఒక్క రోజుకే కదండీ?” అన్నారు.

ఒక్క రోజుకేనని నేను చెప్పాను. నాకు తెలిసినంత వరకూ అదే నిజం. దమయంతమ్మ పాపం ఎన్నిసార్లు చింతపండు నానబెట్టిందో, ఆవిడ కోసమైనా వస్తానన్నారు. మాణిక్యం గారు మాత్రం ఉత్తర్వు కేసి అనుమానంగా చూసి, గిన్నె తీసుకుని లోపలికెళ్లిపోయారు.

భోజనం రోజు రానే వచ్చింది. దమయంతి గారు ముందు రోజే పులుసు ఉడకబెట్టి, కూర వండి, బొబ్బట్లు కాల్చి, తెల్లవారుజామునే అన్నం వార్చి, మూడు గుండిగలు ఆటోలో ఎక్కించుకుని వచ్చారు. సమావేశ మందిరంలో బల్లలు కలిపి విస్తళ్లు వేశాం. పేర్రాజు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, అలవాటు కొద్దీ కుర్చీలు సర్దుతుంటే బలవంతాన కూర్చోబెట్టాం. గుండిగ మూత తీశారు.

వడ్డనకు ముందు ఆఫీసరు గారు ఒక్క సంతకం పెట్టాలి. ‘పై వ్యక్తి పదవీ విరమణ చేసియున్నారనియు, ప్రస్తుతము విధులలో లేరనియు ధ్రువీకరించడమైనది’ అన్న కాగితం. వీడ్కోలు విందు అలాంటివారికే ఇవ్వాలి. ఆయన కలం మూత తీసి, పేర్రాజు గారి వైపు చూసి, ఆగిపోయారు.

“వీరు విధుల్లో ఉన్నారు కదా” అన్నారు. “నేనే నియమించాను.”

ఆయన అబద్ధం రాసే మనిషి కాదు. అదే మా ప్రారబ్ధం. విధుల్లో ఉన్నవారికి వీడ్కోలు ఇవ్వకూడదు, విధుల్లో లేనివారికి భోజనం పెట్టకూడదు. అయితే సలహాదారు పదవిని ఇప్పుడే రద్దు చెయ్యండని నేనన్నాను. ఆ పదవి కార్యక్రమం ముగిసే దాకా ఉంటుందని ఉత్తర్వులో ఉంది. కార్యక్రమం ముగియాలంటే భోజనం జరగాలి. ఆఫీసరు గారు కలం మూత పెట్టి, విషయాన్ని సముచిత స్థాయిలో పరిశీలించే వరకూ భోజనాన్ని వాయిదా వేస్తున్నట్టు ప్రకటించారు. ఆ ప్రకటన చేస్తూ గుండిగ వైపే చూశారు. ఆయనకూ ఆకలిగానే ఉందనుకుంటాను.

గుండిగలను మళ్లీ ఆటోలో ఎక్కించడానికి పేర్రాజు గారే సాయం పట్టారు. “నా వల్ల మీకెంత శ్రమ దమయంతమ్మా” అన్నారు. మూత సరిగ్గానే ఉన్నా, ఆటో కదిలేదాకా ఆవిడ దాన్ని సర్దుతూనే ఉన్నారు.

మర్నాటి నుంచి పేర్రాజు గారు రోజూ ఆఫీసుకు రాసాగారు. గౌరవ సలహాదారుకు నీళ్ల కుండ పక్కన ఒక బల్ల వేశారు. సలహా అడిగేవారు లేరు. పొద్దున్నే హాజరు సంతకం పెట్టి, మధ్యాహ్నం క్యారేజీ విప్పి చల్లారిన అన్నం తిని, సాయంత్రం మళ్లీ సంతకం పెట్టి వెళ్లేవారు. రాజీనామా చేస్తానంటే, గౌరవ పదవులకు రాజీనామా నమూనా లేదన్నారు. రావడం మానెయ్యమని మేం రహస్యంగా చెప్పి చూశాం. ఇన్నేళ్ల సర్వీసులో చెప్పకుండా మానలేదని, ఇప్పుడు చివర్లో ఆ మచ్చ ఎందుకని ఆయన ఒప్పుకోలేదు. చేసిన ఒళ్లు నెల తిరగకుండా తీసేశారు. మరోవైపు ఈ కార్యక్రమాన్ని మిగతా ప్రాంతీయ కార్యాలయాలు కూడా అనుసరించాలని పై నుంచి మెచ్చుకోలు ఉత్తర్వు వచ్చింది. పక్క జిల్లాలో అప్పుడే ఇద్దరు రిటైరైనవాళ్లను వెనక్కి పిలిపించారట.

ఒక రోజు భోజన విరామంలో మాణిక్యం గారు గేటు దగ్గరికొచ్చి నిలబడ్డారు. వాచ్‌మన్ బోర్డు చూపించాడు.

“నేను లోపలికి రానులే నాయనా. మా ఆయన్ని బయటికి పంపు, అన్నం చల్లారిపోతోంది” అన్నారావిడ.

ఆ మాట లోపలికి వినబడింది. పేర్రాజు గారు క్యారేజీ విప్పబోతున్నవారు ఆగి, లేచి నిలబడ్డారు. ఆఫీసరు గారు కిటికీ దగ్గరికొచ్చి, సలహాదారు వారు ప్రస్తుతం విధి నిర్వహణలో ఉన్నారని మర్యాదగా తెలియజేసి, ఆమె ఏ హోదాలో తీసుకెళ్తున్నారని అడిగారు.

“హోదా ఏంటి బాబూ, ఆయన నా మొగుడు” అన్నారు మాణిక్యం గారు.

ఆఫీసరు గారు వెనక్కి తిరిగి బీరువాలోంచి నిబంధనల పుస్తకాలు తీశారు. ఉద్యోగిని పై అధికారి పిలిస్తే ఏం చెయ్యాలో ఉంది, కోర్టు పిలిస్తే ఏం చెయ్యాలో ఉంది. పెళ్లాం పిలిస్తే ఏం చెయ్యాలో ఎక్కడా లేదు. ఆయన ఇంకా పేజీలు తిప్పుతుండగానే పేర్రాజు గారు మా అందరి వైపూ ఒకసారి చూసి, క్యారేజీ చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయారు. ఆ దంపతులు వీధి మలుపు తిరిగేదాకా పది మందిమీ కిటికీల దగ్గరే ఉన్నాం. దమయంతి గారు మొట్టమొదటిసారిగా పైకి నవ్వారు.

మర్నాడు ఆయన రాలేదు. సంతకం లేని గడి ఖాళీగా వదిలెయ్యకూడదు గనక ఆఫీసరు గారు అందులో ‘క్షేత్ర పర్యటన’ అని రాయించారు. ఆ ముక్కతో ఎవరి సర్వీసుకూ మచ్చ లేకుండా పోయింది.

ఆ శనివారం సాయంత్రం దమయంతి గారింట్లో పులుసు ఉడికింది. ఆదివారం అందరం విస్తళ్లూ, గుండిగలూ పట్టుకుని కాలవగట్టు వీధికి వెళ్లాం. మాణిక్యం గారు ఆఫీసరు గారికి కూడా కబురు పంపారు. ఆయన వస్తారనుకోలేదు గానీ, పంచె కట్టుకుని, పళ్లు పట్టుకుని వచ్చారు. వరండాలో బారుగా చాప పరిచి కూర్చున్నాం. పులిహోర ఎలా ఉందంటే, దమయంతి గారి వెంట వచ్చిన అత్తగారు అడిగి మరీ రెండోసారి వేయించుకున్నారు. పేర్రాజు గారు మధ్యలో కూర్చుని, మేం కప్పిన శాలువా జారిపోతుంటే ఎడంచేత్తో పట్టుకుంటూ, ఎవరి విస్తట్లో ఏం తక్కువైందో చెబుతూ తిన్నారు. కాసేపటికి ఆయన కళ్లు తడి అయితే మిరపకాయ కొరికానన్నారు. మేం నమ్మినట్టే ఉన్నాం.

ఆఫీసరు గారు గుత్తివంకాయ మూడుసార్లు వేయించుకున్నారు. బొబ్బట్టు విరిచి నేతిలో ముంచి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. తెరిచాక ఆయన మొహం, కొండ ఊరి నుంచి తిరిగొచ్చిన రోజున వెలిగినట్టు వెలిగింది.

“గంగాధరం గారూ, ఎంత బాగుందండీ ఇది. ఖర్చు లేదు, హడావిడి లేదు. ఇలాంటిది మన ఆఫీసులో కూడా పెట్టాలి. రేపు పొద్దున్నే ఒక సర్క్యులర్...”

చాప మీద నములుతున్న నోళ్లన్నీ ఆగిపోయాయి. దమయంతి గారు గరిటె గుండిగలో దింపేశారు. నేను తలొంచుకుని వడియం వైపు చూస్తూ కూర్చున్నాను. మాణిక్యం గారికి మాత్రం సర్క్యులరంటే ఏమిటో తెలియదు. ఆవిడ మజ్జిగ చెంబు పట్టుకుని ఆయన విస్తరి ముందు వంగి, “ముందు అన్నంలో గుంట చేసుకోండి బాబూ” అన్నారు.

మార్తాండరావు గారు మారు మాట్లాడకుండా గుంట చేసుకున్నారు.